నేల తప్పు, పాదానికి శిక్ష

కాళ్ళు బొబ్బలెక్కితేనే సాధన చేసినట్టు, నెత్తురు కనిపిస్తేనే తాళం పట్టుబడినట్టు అన్న నమ్మకం మన నాట్య లోకంలో ఇంకా మొండిగా బతికే ఉంది. గజ్జె పూజకు ముందు నెలలో పిల్ల కుంటుకుంటూ ఇంటికొస్తే లోలోపల మురిసిపోయే తల్లిదండ్రులు పటాన్‌చెరులో ఉన్నారు, బీహెచ్ఈఎల్ టౌన్‌షిప్‌లోనూ ఉన్నారు. "ఏం కాదు బిడ్డా, రెండు దినాలైతే కాయ కాస్తది" అని అమ్మమ్మ ఓదారుస్తుంది. ఆ మాటలో సగమే నిజం. మిగతా సగాన్ని డెబ్భై ఏళ్ళుగా చర్మవైద్యులు, సైనిక వైద్యులు ప్రయోగాలతో తేలుస్తూ వచ్చారు. చిక్కల్లా ఏమిటంటే వాళ్ళు ఎక్కువగా చూసింది బూట్లు తొడిగిన కాళ్ళను. నాట్యం మీద జరిగిన కొద్దిపాటి పరిశోధన కూడా చాలావరకు బాలే నర్తకీమణుల బిగుతు చెప్పుల చుట్టూ తిరిగింది. ఉత్త పాదంతో రాతి మీద, టైలు మీద, తారు మీద ఆడే మనం అందులోంచి ఏది తీసుకోవాలి, ఏది వదిలేయాలి అన్నది మనమే చూసుకోవాలి.

సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు ఈ ప్రశ్నకు ఇంకో ముడి పడింది. ఇక్కడ ఆడే పాదం చాలాసార్లు పనిచేసి వచ్చిన పాదం. పాశమైలారం, బొల్లారం, జిన్నారం ఫ్యాక్టరీల్లో షిఫ్టంతా సేఫ్టీ షూలోనో రబ్బరు బూట్లలోనో నానిన కాళ్ళు సాయంత్రానికి వినాయకుడి ఊరేగింపులో తీన్‌మార్‌కు ఎగురుతాయి, ఆషాఢంలో బోనాల ముందు దరువేస్తాయి. సద్దుల బతుకమ్మ రాత్రి చెప్పులు ఒక మూల విడిచి సీసీ రోడ్డు మీద గంటల తరబడి చుట్టు తిరిగేవాళ్ళలో పొద్దున ప్యాకింగ్ లైన్ మీద నిలబడి వచ్చిన ఆడవాళ్ళు ఎందరో. నారాయణఖేడ్ వైపు తండాల్లో శ్రావణంలో తీజ్ తొమ్మిది రోజులూ ఆటే. బీరంగూడ, అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఆదివారం పొద్దున్నే కూచిపూడి క్లాసులు. బయటి నుంచి చూస్తే వీటికి ఒకదానికొకటి పోలికే లేదు. అరికాలికి మాత్రం అన్నీ ఒకటే లెక్క.

పొక్కు ఎలా పుడుతుందో ముందు చూద్దాం. పైతోలు అరిగిపోవడం వల్ల పొక్కు వస్తుందని చాలామంది అనుకుంటారు. అరిగితే వచ్చేది గీరుడు గాయం. పొక్కు పుట్టేది లోపల. ఒక అమ్మాయి టైలు మీద భ్రమరి తిరుగుతున్నప్పుడు ఆమె పాదాన్ని దగ్గరగా చూడండి. మునివేళ్ళ కింది మెత్త నేలకు అతుక్కుని ఆగిపోతుంది. పైన ఎముక మాత్రం ఒంటి బరువుతో తిరుగుతూనే ఉంటుంది. నేలకు అంటుకున్న పొరకూ ఎముకతో కదిలే పొరకూ మధ్య చర్మం మెలిపడుతుంది. ఒకసారికి ఏమీ కాదు. అదే జతిని నలభైసార్లు చేయించినప్పుడు ఆ మధ్యపొరలో కణాల పట్టు తెగి చీలిక పడుతుంది, ఆ చీలికలోకి ఒంట్లో నీరు ఊరుతుంది. అందుకే పొక్కు కప్పు దిట్టంగా ఉంటుంది, లోపల నీరు తేటగా ఉంటుంది.

1966లో సల్జ్‌బర్గర్ బృందం మనుషుల చర్మాన్ని యంత్రంతో రుద్ది దీన్ని చూపించింది. అరచేయి, అరికాలు లాంటి మందపాటి తోలున్న చోట్ల పొక్కు లేచింది, పలుచని చోట్ల తోలు ఊడిపోయింది. అంతకు పదకొండేళ్ళ ముందు, 1955లో, నేలర్ అనే బ్రిటిష్ వైద్యుడు ఇంకో సంగతి తేల్చారు. బాగా పొడిగా ఉన్న చర్మం జారుతుంది, బాగా తడిసిన చర్మమూ జారుతుంది. చెమటతో చెమ్మగిల్లిన చర్మమే అన్నిటికన్నా గట్టిగా పట్టుకుంటుంది. నాట్యం నేర్పేవాళ్ళు ఈ ఒక్క ఫలితాన్ని గుర్తుంచుకున్నా చాలు. క్లాసు మొదలైన పావుగంటకు పాదం సరిగ్గా ఆ చెమ్మ దశలోకి వస్తుంది. సేఫ్టీ షూ విప్పి నేరుగా ఆటలోకి దిగినవాడి పాదమైతే మొదటి దరువుకే అక్కడికి చేరి ఉంటుంది. బూట్లో నాని తెల్లబడి ముడతలు పడ్డ అరికాలితో రోడ్డు మీద ఎగరడం కన్నా పొక్కుకు మంచి ఆహ్వానం ఇంకొకటి లేదు. షిఫ్టు దిగాక కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు తుడిచి, అరగంట గాలికి వదిలేయడం ఖర్చు లేని పని. ఎవరూ చేయరు, ఎందుకంటే ఊరేగింపు బండి అప్పటికే చౌరస్తా దాటుతుంటుంది.

సాక్సుల మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1990లో హెర్రింగ్, రిచీ అనే ఇద్దరు దూరపు పరుగుల వాళ్ళ మీద పరీక్షిస్తే అక్రిలిక్ సాక్సు కన్నా కాటన్ సాక్సు వేసుకున్న కాళ్ళకు పొక్కులు ఎక్కువగా, పెద్దగా వచ్చాయి. కాటన్ నీరు తాగి పట్టుకుంటుంది. మూడేళ్ళ తర్వాత వాళ్ళే పలుచని సాక్సులతో మళ్ళీ చూస్తే ఆ తేడా కనిపించలేదు. కాబట్టి నూలుతో పాటు నేత మందం కూడా లెక్కలోకి వస్తుంది. కాటన్ అంటే మంచిదని ఇంట్లో అందరం నమ్ముతాం. ఎనిమిది గంటల సేఫ్టీ షూ విషయంలో ఆ నమ్మకాన్ని కాస్త సడలించి, షిఫ్టు మధ్యలో సాక్సు మార్చుకోవడం మేలు.

ఇక నేల. నా దృష్టిలో అసలు ముద్దాయి ఇదే, అందరూ తప్పించుకుపోనిచ్చేదీ దీన్నే. మన ఆటలు పుట్టిన నేలలు వేరు. చిందు యక్షగానం ఊరి నడుమ మట్టి మీద ఆడారు, కూచిపూడి భాగవతులు పందిరి కింద అలికిన నేల మీద ఆడారు. 1253-54 నాటి జాయప సేనాని నృత్తరత్నావళిని, రామప్ప గుడి శిల్పాలను చదివి నటరాజ రామకృష్ణ పేరిణి తాండవాన్ని తిరిగి నిలబెట్టారు. 1985 మహాశివరాత్రికి రామప్ప గుడిలో ఆ తాండవం ఆడించారు. గుడి మంటపంలో ఉన్నదీ రాయేగా అని అడగొచ్చు. రాయే. కానీ శతాబ్దాల పాదాల కింద అరిగి నున్నబడి, పైకప్పు నీడలో చల్లగా ఉండే రాయి. (ఆ గుడి మదనికల్లో ఒకామె ఎత్తు మడమల చెప్పులు తొడిగి ఉంటుంది. పాదం సంగతి ఆనాటి శిల్పికి కూడా పట్టిందన్నమాట.)

మన సెల్లార్లలో ఉన్నది విట్రిఫైడ్ టైలో, గ్రానైటో, కాకపోతే నిగారింపు లేని సిమెంటు. టైలు పొడిగా ఉన్నప్పుడు ఫర్వాలేదు, చెమట చుక్కలు పడ్డచోట ఒక అడుగు జారుతుంది, పక్క అడుగు అతుక్కుంటుంది. మోకాళ్ళు కాపాడుకుందామని కొందరు ముక్కలు ముక్కలుగా అతికే ఫోమ్ మ్యాట్‌లు పరుస్తున్నారు. తట్టే అడుగుకు అవి హాయే. తిరిగే అడుగుకు మాత్రం శత్రువులు. ఫోమ్ పాదాన్ని గట్టిగా పట్టేస్తుంది, తిప్పేది ఎముక, నలిగేది తోలు. మ్యాట్ కొన్న నెలలోనే పిల్లల బొటనవేళ్ళ కింద పొక్కులు మొదలైతే పిల్లలను అనకండి. తట్టే అడుగులకు మ్యాట్, భ్రమరులకు నున్నటి నేల అని విడదీసుకోవాలి. ఇంక సభల్లో పందిరి వాళ్ళు ప్లైవుడ్ మీద పరిచే ఎర్ర కార్పెట్ సంగతి చెప్పనక్కర్లేదు. అతుకుల దగ్గర ముడతలు, అక్కడక్కడ మేకు తలలు. మైకు పరీక్షకు గంట తీసుకునే నిర్వాహకులు కార్పెట్ మీద ఉత్త కాళ్ళతో ఒక్కసారైనా నడిచి చూడరు. 2010లో గచ్చిబౌలి స్టేడియంలో 2,800 మందికి పైగా కలిసి కూచిపూడి ఆడి గిన్నిస్ రికార్డు కొట్టినప్పటి నుంచి సామూహిక నృత్యాల మోజు పెరిగింది. అలాంటి ప్రదర్శన ఎక్కడ జరిగినా పిల్లలు ఇంట్లో ఒక నేల మీద సాధన చేసి, ఎన్నడూ అడుగు పెట్టని ఇంకో నేల మీద ఆడాల్సి వస్తుంది. రిహార్సల్ అదే నేల మీద పెట్టించడం గురువు అడగాల్సిన మొదటి హక్కు.

ఎండ నేల వల్ల లేచే బొబ్బ వేరే జాతి. అది రాపిడి కాదు, కాలిన గాయం. 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ చేసిన ప్రయోగాల ప్రకారం 44 డిగ్రీల వేడి చర్మాన్ని కాల్చడానికి ఆరు గంటలు పడుతుంది, 60 డిగ్రీలకు కొన్ని సెకన్లు చాలు. ఏప్రిల్, మే మధ్యాహ్నం ఇస్నాపూర్ దగ్గర తారు రోడ్డు ఆ 60 డిగ్రీలను సులువుగా దాటేస్తుంది. పోతరాజుకు పూనకంలో కాలు కాలడం తెలియకపోవచ్చు, తోలుకు తెలుస్తుంది. ఇలా కాలితే చేయాల్సింది ఇరవై నిమిషాల పాటు మామూలు నీళ్ళు ధారగా పోయడం. టూత్‌పేస్టు, ఐసు, పసుపు ముద్ద అక్కర్లేదు. ఫ్యాక్టరీలో కాస్టిక్‌ సోడా, ఆమ్లాలు పాదం మీద పడి లేచిన బొబ్బను కూడా రాపిడి పొక్కుతో కలిపేయకూడదు. దానికి ఇంకా చాలాసేపు నీళ్ళు, ఆ వెంటనే డాక్టరు.

నివారణకు అంగట్లో దొరికేవాటిని తూచి చూద్దాం. కొబ్బరినూనె రాసుకుని ఆడితే మొదటి కొద్దిసేపు పాదం జారుతుంది, నూనె ఇంకాక పట్టు ముందుకన్నా పెరుగుతుంది. రాత్రి పడుకునేముందు పగుళ్ళకు రాయండి, క్లాసుకు ముందు వద్దు. టాల్కం పౌడరు చెమటతో కలిసి ఉండలు కడుతుంది, తోటివాళ్ళ కాళ్ళ కింద జారుడు బల్ల అవుతుంది. చెమట తగ్గించే అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం సంగతి 1998లో అమెరికా సైనిక అకాడమీ వెస్ట్ పాయింట్‌లో నాపిక్ బృందం పరీక్షించింది. నడక తర్వాత మందు రాసుకున్నవాళ్ళలో 21 శాతం మందికి, ఉత్తుత్తి మందు రాసుకున్నవాళ్ళలో 48 శాతం మందికి పొక్కులు వచ్చాయి. చూడ్డానికి గొప్ప ఫలితమే, కానీ ఆ మందు రాసుకున్నవాళ్ళలో 57 శాతం మందికి చర్మం మండి దురద పెట్టింది. పదేళ్ళ పిల్ల కాలికి ఆ బేరం నేను ఒప్పుకోను.

టేపు కాస్త మెరుగైన మాట. మందుల దుకాణంలో దొరికే పలుచని తెల్ల కాగితం టేపు, నర్సులు సెలైన్ సూది మీద అతికించేదే. లిప్‌మన్ బృందం దాన్ని సుదూర పరుగుల వాళ్ళ మీద రెండుసార్లు పరీక్షించింది. మొదటిసారి లాభం కనిపించలేదు. 2016లో, 250 కిలోమీటర్ల పరుగుల్లో చేసిన రెండో పరీక్షలో పొక్కులు 40 శాతం తగ్గాయి. ఉత్త కాళ్ళ నాట్యానికి దీన్ని ఎవరైనా ఇలా తూకమేసి చూసిన దాఖలా నాకు తగల్లేదు కాబట్టి ఆ అంకెను యథాతథంగా మనకు అన్వయించుకోలేం. అయినా తక్కువ ఖర్చు, హాని లేనిది. కాలు కడిగి పూర్తిగా ఆరాక, మూలలు గుండ్రంగా కత్తిరించి, ముడత పడకుండా అంటించాలి. ముడత పడ్డ టేపు తానే ఒక పొక్కు పుట్టిస్తుంది. పారాణి పెట్టుకున్నాక టేపు అంటదు, ముందే వేయాలి.

గజ్జెల పట్టీలను మరిచిపోతారు. తోలు పట్టీ అంచు చీలమండ పైన, ముంగాలి ఎముక మీద ఒరుసుకుని వచ్చే పొక్కు అరికాలి పొక్కు కన్నా ఎక్కువ రోజులు వేధిస్తుంది, ఎందుకంటే అక్కడ తోలు పలుచన. కింద మెత్తని పాత నూలుగుడ్డను రెండు మడతలు చుట్టి, దాని మీద పట్టీ కట్టాలి. పట్టీ వదులైతే ఆడుతుంది, ఒరుస్తుంది. బిగిస్తే నరం పట్టేస్తుంది. ఒక వేలు దూరేంత సందు చాలు. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడే పాదానిది ఇంకో బాధ. అక్కడ పళ్ళెం అంచును వేలితో తడిమి, గరుకు తేలిన చోట సానపట్టించడం మించి చెప్పేదేమీ లేదు.

అమ్మమ్మ మాటలోని నిజమైన సగం కాయ. క్రమంగా పెరిగే రాపిడికి అరికాలు వారాల్లో మందమవుతుంది, ఆ మందం నిజంగానే కాపాడుతుంది. అబద్ధమైన సగం "రెండు దినాలు" అన్నది. పరీక్షల సెలవుల్లో రెండు నెలలు గజ్జె ముట్టని పిల్ల జూన్‌లో వచ్చి, రంగప్రవేశం దగ్గర పడిందని రోజుకు మూడు గంటలు ఆడితే కాయ కాయదు, పొక్కు లేస్తుంది. వారానికి కొంచెం కొంచెంగా పెంచాలి, భ్రమరులను వరసగా కాకుండా మధ్యమధ్య చేయించాలి, వారానికి ఒక రోజైనా పాదానికి సెలవివ్వాలి. కాయ మరీ మందమైతే అదీ ముప్పే. గట్టి కాయ అంచున తోలు మెలిపడి దాని అడుగున లోతుగా పొక్కు లేస్తుంది, సూదికి అందదు, నొప్పి భరించలేరు. స్నానం తర్వాత మెత్తబడ్డ కాయను రాయితో తేలిగ్గా రుద్ది అంచులు నునుపు చేస్తే చాలు. బ్లేడు పట్టుకోవద్దు.

ఆడుతుండగా ఒకచోట చురుక్కుమంటే అదే హెచ్చరిక. అప్పుడే ఆగి, తుడిచి, టేపు వేస్తే పొక్కు లేవకుండా తప్పించుకోవచ్చు. "తిల్లానా అయ్యాక చూద్దాం" అనే గురువుగారికి ఆ ఐదు నిమిషాలు మిగిలి, పిల్లకు ఐదు రోజులు పోతాయి. ఐదు రోజులు అన్నది ఊరికే అనలేదు. పొక్కు కింద కొత్త పైపొర తయారు కావడానికి దాదాపు 120 గంటలు పడుతుందని చర్మవైద్యుల పరిశీలన.

లేచాక ఏం చేయాలి? చిన్నదీ నొప్పి లేనిదీ అయితే ముట్టకండి, దాని కప్పే దానికి మంచి పట్టీ. నిగనిగలాడుతూ బిగిసి, అడుగు వేయనీయని పెద్ద పొక్కునైతే నీరు తీసేయవచ్చు. చేతులు, పాదం సబ్బుతో కడిగి, కొత్త డిస్పోజబుల్ సూదితో పొక్కు అంచున, తోలుకు సమాంతరంగా గుచ్చి, శుభ్రమైన గాజుగుడ్డతో నొక్కి నీరు బయటికి పంపాలి. కప్పును కత్తిరించకూడదు, పీకకూడదు. 1968లో కోర్టీజ్ బృందం చూసింది ఇదే. మొదటి రోజులో మూడుసార్లు నీరు తీసి కప్పును అలాగే ఉంచినవి బాగా అతుక్కుని మానాయి. పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాసి, అంటుకోని పట్టీ వేసి, రోజూ మార్చాలి. సూదిలో దారం ఎక్కించి పొక్కులోంచి లాగి అలాగే వదిలేసే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. నీరు కారడానికి ఆ దారం దారి చూపేది నిజమే, సూక్ష్మజీవులు లోపలికి వెళ్ళే దారి కూడా అదే. మానండి. కప్పు ఊడి ఎర్రగా బయటపడ్డ చోట స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే మంటే కాదు, మానడమూ ఆలస్యమవుతుంది. నెత్తురు నిండిన పొక్కును గుచ్చొద్దు.

పొక్కుతో ప్రాణం పోతుందా అని నవ్వేవాళ్ళకు 1924 నాటి ఒక సంగతి. అమెరికా అధ్యక్షుడు కూలిడ్జ్ కొడుకు, పదహారేళ్ళవాడు, సాక్సు లేకుండా వైట్‌హౌస్‌లో టెన్నిస్ ఆడాడు. కాలివేలికి పొక్కు లేచింది, చీము పట్టింది, రక్తానికి పాకింది. వారం తిరిగేసరికి, జూలై 7న, చనిపోయాడు. పెన్సిలిన్ ఇంకా రాలేదు. ఇప్పుడు మందులున్నాయి, చూసుకునే కన్ను ఉండాలి. మన దగ్గరే నర్తకి సుధాచంద్రన్ కథ ఉంది. 1981లో బస్సు ప్రమాదంలో చీలమండ దగ్గరి చిన్న గాయాన్ని పట్టించుకోకుండా మీద పిండికట్టు వేయడంతో లోపల కుళ్ళి, కాలు తీసేయాల్సి వచ్చింది. జైపూర్ కాలితో ఆమె మళ్ళీ ఆడారు. సింగీతం శ్రీనివాసరావు తీసిన 'మయూరి' సినిమాతో ఆమె పట్టుదల తెలుగువాళ్ళందరికీ తెలుసు. కాలు ఎలా పోయిందన్నది మాత్రం తక్కువమందికి గుర్తుంది. కట్టు కట్టిన గాయాన్ని రోజూ విప్పి చూడాలి.

చుట్టూ ఎరుపు పాకుతుంటే, చీము కనిపిస్తే, కాలి మీదుగా ఎర్రటి గీత పైకి ఎక్కుతుంటే, గజ్జల్లో బిళ్ళ కట్టి జ్వరం వస్తే ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్‌తో సరిపెట్టుకోకూడదు. ఈఎస్ఐ కార్డు ఉన్న కార్మికుడికి, ఇంట్లోవాళ్ళకూ రామచంద్రాపురంలో ఆసుపత్రి ఉంది. పటాన్‌చెరులో ఏరియా ఆసుపత్రి ఉంది. షుగరు ఉన్నవాళ్ళకైతే ఈ వ్యాసంలో ఇంట్లో చేసుకోమన్న సూది పని పూర్తిగా నిషిద్ధం. ఐసీఎంఆర్ 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం దేశంలో 11.4 శాతం మందికి, అంటే సుమారు పది కోట్ల మందికి, మధుమేహం ఉంది. నరాలు మొద్దుబారిన పాదం బతుకమ్మ చుట్టూ రాత్రంతా తిరిగినా నొప్పి చెప్పదు, పొద్దున సాక్సుకు తడి అంటితే గాని తెలియదు. యాభై దాటి ఇప్పుడు కూచిపూడి మొదలుపెట్టే అమ్మలు బీరంగూడలో, బీహెచ్ఈఎల్‌లో పెరుగుతున్నారు, సంతోషం. క్లాసు అయ్యాక అరికాలిని అద్దంలో చూసుకోవడం వాళ్ళ పాఠంలో భాగం కావాలి.

నిర్వాహకులకు ఒక విన్నపం. కాలనీ సంఘాలు, మున్సిపాలిటీలు, ఫ్యాక్టరీ యాజమాన్యాలు బతుకమ్మకు లైట్లు, సౌండు, పూలు అన్నీ ఏర్పాటు చేస్తున్నాయి. ఈసారి ఆట స్థలాన్ని సాయంత్రానికి ముందు కంకర లేకుండా ఊడ్పించి, నీళ్ళు చల్లి ఆరనిచ్చి, ఒక మూల కాళ్ళు కడుక్కునే కుళాయి, తుడుచుకునే గుడ్డ, కాగితం టేపు చుట్టలు పెట్టండి. ఈ ఏర్పాటుకు సౌండు బాక్సుల అద్దెలో చిన్న వంతు కూడా కాదు.